ఒడిలో తెచ్చిన పట్టు

నాగుల చవితి, ఆదివారం, పొద్దున్న ఏడు గంటల పది నిమిషాలు.

మొదట రోజూ గంటా వేసి, ఆ తరువాత సంగతి రాయమని మా వయోజన బడి పంతులమ్మ చెప్పేది. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మాది చిన్న ఊరు. పేరు పెట్టి మంచి రాసినా, చెడు రాసినా, మర్నాటికి ఎవరో ఒకరు గడప ముందుకొచ్చి నిలబడతారు.

ఆ గంటకి నా తమ్ముడి కోడలు స్కూటీ తెచ్చి మా గేటు ముందు ఆపింది. వెనక సీటు మీద దాని అత్త, అంటే నా మరదలు, ఒక చేత్తో పాలచెంబు, ఇంకో చేత్తో చలిమిడి, చిమ్మిలి ఉన్న గిన్నె పట్టుకుని కూర్చుంది. మా నాన్న వేసిన జీడితోట మా ఇంటి వెనకే ఉంది. అందులోనే మా ఇంటి పుట్ట. తమ్ముడు రోడ్డు పక్క ఊళ్లో ఇల్లు కట్టుకుని పోయాడు గాని పుట్టని పట్టుకుపోలేడు కదా. అందుకని మరదలు ఏటా చవితికి ఇక్కడికే వస్తుంది.

కోడలు మామూలుగా వాగుడుకాయ. ఆ రోజు నోరు విప్పలేదు. పుట్ట దగ్గర పసుపు చల్లింది, పాలు పోసింది, చిమ్మిలి ఉండ పెట్టింది. మరదలు పుట్టమన్ను చెవులకి పెట్టుకుంటూ ఉండగా అది నా కొంగు పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"పెద్దత్తా, నా పెట్టి ఏడుత్తంది."

తేనెటీగలు పెంచని వాళ్లకి ఈ మాట అర్థం కాదు. గూట్లో తల్లీగ ఉన్నంతకాలం పెట్టెకి చెవి ఆనిస్తే సన్నగా, ఒకే తీరున శబ్దం వస్తుంది, పక్క గదిలో ఎవరో మర ఆడించినట్టు. తల్లీగ పోయిందా, ఆ శబ్దం చెదిరిపోతుంది. ఎగుడుదిగుడుగా, గోలగా, చావు ఇంట్లో ఆడవాళ్ల మాదిరిగా ఉంటుంది. ఏడుపనే అంటాం మేము.

"ఎన్నాళ్ల నుంచే?"

"దీపావళికి ముందు నుంచి."

"దీపావళికి ముందు ఏటి సేసినావు?"

అది నేల చూపు చూసింది. "కడిగినాను."

"ఏటి కడిగినావు?"

"పెట్టి."

పండగకి ఇల్లంతా దులిపి, గోడలకి సున్నం వేసి, అరుగులు అలికి, ఆ ఊపులోనే ఈగల పెట్టెని కూడా కడిగిందట. తేనెపట్టు చట్రాలన్నీ బయటికి తీసి, ఈగల్ని దులిపేసి, నల్లబడ్డ పట్టంతా పీకి పారేసి, పెట్టెకి పసుపు నీళ్లు పట్టించి, ఎండలో ఆరబెట్టి, ముందు చిన్న ముగ్గు కూడా పెట్టిందట. ఆ దులుపుడులో తల్లీగ ఏ దుమ్ములోనో పడి చీమల పాలైపోయి ఉంటుంది.

"నక్ష్మీదేవి వస్తాదని కడిగినాను పెద్దత్తా."

"వచ్చిన నక్ష్మి ఎక్కడ కూకుంటాది, నువ్వు ఇల్లే నేకుండా సేస్తే?"

నేను తిట్టాను. తిట్టి నవ్వాను కూడా. ఎందుకంటే తప్పు సగమే దానిది. వానలు తగ్గాక పెట్టెలు శుభ్రం చేయమని చెప్పేది మేమే. ఆశ్వయుజం ఎండ కాయగానే ఈగలు పెంచే మా గుంపులో వాళ్లం మధ్యాహ్నాలు ఒక పెరటి నుంచి ఇంకో పెరటికి తిరుగుతాం. పెట్టె అడుగు పలక తీసి, రాలిన మైనం గీకి, మైనపు పురుగు గూళ్లు ఏరేసి, కోళ్లకి వేస్తాం. స్టాండు కాళ్ల కింద చిప్పల్లో నీళ్లు మార్చి చీమల్ని ఆపుతాం. వానల్లో చిక్కిపోయిన గూళ్లకి పంచదార పాకం పెడతాం. ఎండు తాటాకు కప్పి, పెట్టెని తాడుతో కొబ్బరిచెట్టుకి కడతాం. కార్తీకంలో సముద్రం ఎప్పుడు మనసు మార్చుకుంటుందో ఎవరికి తెలుసు? అడుగు పలక గీకమంటే ఇది కాపురం మొత్తం కడిగేసింది. పండగ పూట ఇల్లు దులిపే చెయ్యి ఎక్కడ ఆగాలో మా వైపు ఏ ఆడదానికీ తెలియదు.

అది ఫోను తీసి వీడియో చూపించింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఈగల్లో సగం లేవు. మిగిలిన ఒకటీ రెండు పట్టుల్లో కొన్ని గదుల్లో గుడ్లు ఉన్నాయి. కాని ఒక్కో గదిలో రెండు మూడు, వంకరటింకరగా, గోడలకి అంటుకుని ఉన్నాయి. తల్లి పెట్టే గుడ్డు గది నడిమధ్య ఒక్కటే ఉంటుంది. ఇవి తల్లి పెట్టినవి కావు. తల్లి లేదని పనీగలే పెట్టడం మొదలుపెట్టాయి. అలా పెట్టిన గుడ్లలోంచి మగ ఈగలే వస్తాయి, పని చేసేవి రావు. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే ఆ గూటికి వేరే తల్లిని తెచ్చిపెట్టినా ఒప్పుకోదు.

అప్పుడే మరదలు పెరట్లోకి వచ్చింది. ఫోను చూసింది, కోడలి మొహం చూసింది.

"పోనాదా? పోతే పోనాదిలే. రేపు సోమవారం. కంపెనీ ఆటో ఎక్కీమని ఎప్పుడో సెప్పినాను."

కోడలి చేతులు వెనక్కి పోయాయి. అది పెళ్లయి వచ్చిన దగ్గర నుంచి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయేది. గింజ కొట్టే పని. జీడి రసానికి దాని వేళ్ల చర్మం నల్లబడి, పొట్టులా ఊడేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. కాల్చిన గింజ పొగకి దగ్గు పట్టుకుంది. కిందటి ఏడు మా గుంపులో చేరి, ఈసారి జీడి పూతకి తేనె తీసేదాకా తనకి గడువు ఇమ్మని అత్తని అడిగింది. మూడు పెట్టెలతో మొదలుపెట్టింది. వానల్లో ఒకటి చీమలు తిన్నాయి, ఇంకోదాన్లో ఈగలు గూడు వదిలి లేచిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతే గడువు అయిపోయినట్టేనని మరదలు ముందే చెప్పేసింది. మరదలు చెడ్డది కాదు. ఇరవై ఏళ్లు అదే ఫ్యాక్టరీలో కూర్చుని పప్పు ఒలిచింది. తాను పడ్డది పక్కవాళ్లు పడకపోతే లోకం తలకిందులవుతుందని దాని భయం.

"పోలేదు. ఇంకా పోలేదు," అన్నాను. "ఇయ్యాల తల్లి గుడ్లున్న పట్టు ఒకటి అందులో ఎడితే అయ్యే కొత్త తల్లిని సేసుకుంటాయి."

"అయితే నీ పెట్టిలోంచి ఇచ్చీ వదినా."

"నా దాన్లో ఉంటే అడిగించుకుంటానేటి?"

మైనపు పురుగు దెబ్బకి నా రెండు గూళ్లనీ దసరా ముందే ఒక్కటిగా కలిపాను. అది ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటోంది. దాని నుంచి తీస్తే రెండూ పోతాయి. ఈ చుట్టుపక్కల బలమైన పెట్టె ఒక్కటే ఉంది. చర్చి వీధిలో ఉండే నా స్నేహితురాలిది. ఈగ మీద చెయ్యి వేస్తే ఈగే సిగ్గుపడాలి, అంత మెత్తగా తీస్తుంది.

"రేపు సూద్దారిలే. ఇయ్యాల సవితి," అంది మరదలు.

తూర్పు వైపు చూపించాను. కొబ్బరాకులు తిరగబడి తెల్లగా కనిపిస్తున్నాయి. గాలి సముద్రం నుంచి కాక ఈశాన్యం మూల నుంచి వస్తోంది. సాయంత్రం నుంచి వాన అని ఫోన్లన్నీ మోగుతున్నాయి. వానలో పెట్టె తెరవడం కుదరదు. వాన ఎన్ని రోజులుంటుందో ఎవరికీ తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నా స్నేహితురాలి పెట్టెలు కొన్న పెట్టెలు. కోడలి పెట్టె, తుపానుకి పడిపోయిన మామిడిచెట్టు చెక్కతో ఊరి వడ్రంగి చేసినది. దీని చట్రం దాన్లో పట్టదు. దాని చట్రం దీన్లో పట్టదు. అందుకని పట్టుని కత్తితో కోసి, దీని చట్రానికి నారతో కట్టాలి. నాగుల చవితి నాడు మేము కత్తి పట్టం. కూర కూడా తరగం. నేల తవ్వం.

"ఆవిడకి సవితి నేదు కదా," అంది కోడలు. మొహంలో మొదటిసారి వెలుగు వచ్చింది.

"సవితి నేదు గాని ఆదివారం ఉందే," అన్నాను.

కోడలు స్కూటీ తోసుకుంటూ రాగా ముగ్గురం చర్చికి నడిచాం. ఆ ఆదివారం వాళ్లకి కోతల పండుగ కూడా. లోపల పాటలు. బయట గోడ వారన గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, కొత్త వరి కంకులు, కోళ్లు, ఒక తేనె సీసా, అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మేము మోటారు సైకిళ్ల పక్కన నిలబడ్డాం. మా మొహాన పసుపు బొట్లు, చెవులకి పుట్టమన్ను. లోపలికి పోయేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతూ పోయారు.

"ఉపాసం ఉండి చర్చి కాడ నిలబడ్డాను. నాకు పాపమా పున్నెమా?" అంది మరదలు.

"నోరు మూసుకుని నిలబడితే పున్నెం," అన్నాను.

పాట ఆగగానే నా స్నేహితురాలు బయటికి వచ్చింది. కిటికీలోంచి మమ్మల్ని చూసిందట.

"ఏటప్పా, ముగ్గురూ పుట్ట తప్పిపోయి ఇటొచ్చీసినారేటి?"

కోడలు జరిగింది చెప్పింది. కడిగిన ముక్క చెప్పగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. "ముగ్గు కూడా ఎట్టినావేటే?"

"ఎట్టినాను పిన్నీ."

"సున్నం మర్సిపోనావు."

ఆ తరువాత నవ్వు ఆపి ఫోను చూసింది. నేను చూసినదే చూసింది. "ఇంకా కొత్తే. ఇయ్యాల ఎడితే ఆసుంది," అంది. వేలం దాకా ఆగలేదు. మొగుణ్ని సైగ చేసి పిలిచింది. ఆయన ఆటో నడుపుతాడు. రోజూ తెల్లవారక ముందే ఈ ఊళ్ల ఆడవాళ్లని ఎక్కించుకుని పలాస ఫ్యాక్టరీలకి చేర్చే ఆటో అదే. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు.

వాళ్ల పెరట్లో స్నేహితురాలు కొబ్బరిపీచు కాల్చి పొగ పెట్టింది. తను పై మూత తీసి, ఒక్కో చట్రం ఎత్తి ఎండకి ఎదురు పెట్టి చూసింది. నాలుగోది ఎత్తి చాలాసేపు చూసింది. గది నడిమధ్య ఒక్కొక్కటే, బియ్యపు నూకలో సగం ఉన్న గుడ్లు. పక్కన చిన్న పురుగులు, ఇంకా పక్కన పిల్ల ఈగలు పెరిగే మూత గదులు, అంటే పిల్లగూడు. తల్లీగ దాని మీద లేదని రెండు వైపులా తిప్పి చూసి, కత్తి తీసింది. మేము ముగ్గురం మొహాలు పక్కకి తిప్పుకున్నాం, కత్తి చూడకూడదని ఎక్కడా లేకపోయినా. నాకు చూపించడానికి కోడలు పొద్దున్నే స్కూటీ డిక్కీలో వేసుకొచ్చిన ఖాళీ చట్రంలో పట్టు పెట్టి, అరటినారతో రెండు చుట్లు చుట్టి ముడేసింది. తడిపి పిండిన గుడ్డలో చుట్టింది.

ఇక్కడ మా గుంపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్ద తుపాను మా ఉద్దానం ప్రాంతపు కొబ్బరినంతా నేల మీద పడుకోబెట్టిన ఏడాది, ఎవరి పెట్టెలు వాళ్లకి మిగల్లేదు. ఒకరికొకరు పట్టులు ఇచ్చుకున్నాం. సంచిలో తెస్తే పిల్లగూడు చల్లబడి చచ్చిపోయేది. ఒడిలో పెట్టుకుని తెస్తే బతికేది. అప్పటి నుంచి ఇచ్చిన పట్టుని ఒడిలోనే తీసుకెళ్లాలి. తీసుకెళ్లినవాళ్లు ఆ గూడు నిలబడేదాకా దానికి పూచీ. పాకం పెట్టడం, చీమలు చూడడం, గాలికి కట్టడం, అన్నీ వాళ్ల పని. పెట్టె సొంతదారు తన పెట్టెకి తానే పూచీ పడడానికి లేదు. ఇంకొకరు పడాలి. ఆ ఇంకొకరు రోజూ చూసుకోవాలి కాబట్టి అదే గడపలో ఉండాలి.

స్నేహితురాలు గుడ్డ మూట పట్టుకుని నిలబడింది. "ఒడి ఎవలిది?"

మరదలు నా వైపు చూసింది. "వదినది."

"నానొల్లను," అన్నాను. "నానుండేది నా ఇంటికాడ. నీ పెరట్లో సీమల్ని రోజూ ఎవలు సూత్తారు?"

"నానేటి, పురుగుల్ని ఒళ్లో ఎట్టుకోనా? ఉపాసం ఉన్నాను. కుడితే?"

"పుట్టలో పాముకి పాలు పోసొచ్చినావు. ఈగకి ఒడి పట్టలేవేటి వదినా?" అంది స్నేహితురాలు.

మరదలికి కోపం వచ్చింది. నాకు తెలుసు, అది కుట్టుడుకి భయపడలేదు. ఒడి పట్టిందా, గూడు పోతే మాట తనకే వస్తుంది, ఆ ఇంట్లో ఈగల పని తెలిసింది కోడలికే కాబట్టి గూడు నిలబడేదాకా అది ఇంట్లో ఉండాలి. సోమవారం మాట వెనక్కి తీసుకోవాలి. కోడలు బతిమాలలేదు. నల్లమచ్చలు ఇంకా పోని ఆ చేతులు ముందు కట్టుకుని నిలబడింది. మూట మీద ఎండ పడుతోంది. స్నేహితురాలు తన కొంగుతో నీడ పెట్టింది.

"అడగనైనా అడగదు," అంది మరదలు, కోడల్ని చూస్తూ. "నోట్లో నాలుక నేదు దీనికి. నిన్నటిదాకా ఊరంతా తిరిగి ఈగ కబుర్లు సెప్పింది, అత్తని అడగడానికి మాట నేదు."

"అడిగితే ఇత్తావేటి అత్తా?" అంది కోడలు.

మరదలు వెళ్లి ఆటోలో కూర్చుంది. కూర్చుని కొంగు విప్పి ఒడి పరిచింది. "తే. సల్లబడిపోద్ది. ఎంతసేపు నిలబడతారు?"

ఒకవైపు నేను, ఇంకోవైపు స్నేహితురాలు కూర్చున్నాం. ఆయన ఆటోని నిండు నెలల మనిషిని ఎక్కించుకున్నట్టు నడిపాడు. కోడలు ముందు స్కూటీ మీద పోతూ, గొయ్యి వచ్చినప్పుడల్లా ఆగి చెయ్యి ఊపి చూపించేది. మా రోడ్డుకి గోతులు ఎక్కువ, కాబట్టి అది నడిపినదానికంటే ఆగినదే ఎక్కువ.

"మెల్లగా బావూ! నా ఒళ్లో ఏటున్నాయో తెలుసా?" అని మరదలు ప్రతి గొయ్యి దగ్గరా అరిచింది.

"రోజూ ఊళ్లో ఆడవాళ్లని ఇలాగే తీసుకెళ్తే పలాస ఎప్పుడెళ్తాం?" అన్నాడాయన.

సగం దూరం పోయాక మరదలు అరుపు ఆపేసింది. "వదినా, ఇదేటో కదుల్తంది." గుడ్డ మడత కొంచెం తీసి చూశాను. పిల్లగూడు మూత ఒకటి కొరుక్కుని ఒక పసి ఈగ బయటికి వస్తోంది. ఒంటి మీద బూడిదలాంటి నూగు, తడిసిన రెక్కలు. దానికి నడక కూడా సరిగా రాదు. మరదలి బొటనవేలు ఎక్కి నిలబడింది.

"కుడుతుందా?"

"పసిది. దానికింకా కుట్టడం రాదు," అంది స్నేహితురాలు.

మరదలు బొటనవేలు కదపలేదు. ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుంది. చెమట పట్టినా తుడుచుకోలేదు. "దీనికి అమ్మ అక్కడే ఉండిపోనాది కదా," అంది ఒకసారి.

కోడలి పెరట్లో పెట్టె నిజంగానే తళతళలాడుతోంది. పసుపు రంగు, ముందు చెరిగిన ముగ్గు. మూత తీస్తే గోల. స్నేహితురాలు కొత్త చట్రాన్ని మధ్యలో దింపి, ఇరువైపులా ఉన్న పట్టులు దగ్గరికి జరిపి, మూత పెట్టింది. మూట విప్పిన గుడ్డ చేతిలో పట్టుకుని మరదలు అక్కడే గొంతుక్కూర్చుంది. ఆ పసి ఈగని పెట్టె గుమ్మం దగ్గర దింపింది. కాపలా ఈగలు వచ్చి దాన్ని వాసన చూశాయి. చూసి లోపలికి పోనిచ్చాయి.

చెవి ఆనించి విన్నాం, ఒకరి తరువాత ఒకరం. చాలాసేపటి దాకా తేడా లేదు. మరదలు పంచదార పాకం కాయడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పటికి గోల కొంచెం సన్నబడింది. పూర్తిగా పోలేదు. సన్నబడింది. నేను ఉన్నదే రాస్తాను.

పాకం గిన్నె పెట్టెలో పెట్టి, పైన నాలుగు ఎండు పుల్లలు ఈగలు మునగకుండా వేసి, మరదలు చేతులు తుడుచుకుంది. ఆటోలో కూర్చున్న ఆయన్ని కేకేసింది.

"బావూ! రేపు మా వాకిటికాడ ఆపకు."

"ఎల్లుండి?"

"నాను సెప్పేదాకా ఆపొద్దు."

కోడలు పెట్టె వెనక్కి పోయి తాటాకు సర్దుతున్నట్టు వంగింది. ఏం సర్దిందో తెలియదు. చాలాసేపు సర్దింది.

వాన మూడో నాటికి తెరిపిచ్చింది. పెట్టె తెరిచి చూస్తే, మా పట్టు అంచున సగం వేరుశెనగ కాయంత తల్లిగది ఒకటి కిందికి వేలాడుతోంది. దాన్ని మొదట చూసింది మరదలే. ఇంకోటి కూడా ఉందని పందెం వేసింది, ఉంది. తల్లి పుట్టాలి, మగ ఈగలతో కలవడానికి ఎగరాలి, తిరిగి రావాలి. జీడి పూత నాటికి గూడు నిండాలి. ఇంకా చాలా ఉంది. కాని ఎప్పుడు వెళ్లినా మరదలు నన్ను కూర్చోమనే ముందు చీమల చిప్పలో నీళ్లు చూపిస్తోంది.

చవితి నాటి సాయంత్రం వాన మొదలయ్యేలోగా పెట్టెని కొబ్బరిచెట్టుకి కట్టాం. తాడు పట్టుకుని లాగినవాళ్లు, ఆ పెరట్లో ఉన్నవాళ్లు వీళ్లు: నేను, నా తమ్ముడి భార్య, దాని కోడలు, చర్చి వీధి నా స్నేహితురాలు, తెల్ల చొక్కాకి మసి చేసుకుని మరీ ముడి వేసిన ఆవిడ మొగుడు, తోట నుంచి వచ్చి, ఏం జరిగిందో తెలియక, చెప్పేవాళ్లు లేక, తాడు రెండో కొస పట్టుకున్న నా తమ్ముడు.

వాళ్లతో పాటు పెట్టె లోపల ఉన్నవి.